ఓమ్ అంకె, మీటరు అంకె: ఇంటి వస్తువులతో మా ప్రాజెక్టు డైరీ

ఆదివారం

ప్రాజెక్టు ఇదీ. ఇంట్లో కరెంటుతో నడిచే ఒక్కో వస్తువుకు నోటుబుక్కులో రెండు అంకెలు రాయాలి. మొదటిది ఓమ్ అంకె. ప్లగ్గు గోడ నుంచి తీసేసి, పిన్నుల మధ్య మల్టీమీటరుతో నిరోధం (కరెంటుకు ఆ వస్తువు ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో) కొలిచి, దాన్నిబట్టి ఆ వస్తువు ఎన్ని వాట్లు లాగాలో లెక్కగట్టడం. రెండోది మీటరు అంకె. అదే వస్తువు నడుస్తుండగా గోడ మీది కరెంటు మీటరు చెప్పే వాట్లు. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందనే ఓమ్ సూత్రం ప్రకారం రెండూ ఒక్కటే కావాలి. ఎక్కడ కాలేదో అక్కడ ఆగి, ఎందుకో తేల్చుకున్నాకే తర్వాతి వస్తువు.

నాతో పాటు చేస్తున్నది మా అక్క కూతురు బుజ్జి. ఈ ఏడాది పదో తరగతికి వెళ్తుంది, సెలవులకు రాజమండ్రి వచ్చింది. నేను పాలిటెక్నిక్‌లో ఈఈఈ చదివాను. పాఠం చెప్పడానికి అది చాలు, కానీ పాఠం చెప్పడం నాకు ఇష్టం లేదు. కొలిచి చూసింది పిల్లలకు ఒంటబడుతుంది, విన్నది పరీక్ష దాకానే ఉంటుంది.

మొదటి పేజీలో జాగ్రత్తలు రాయించాను. ప్లగ్గు సాకెట్‌లో ఉండగా ఓమ్స్ కొలవకూడదు. సాకెట్‌లో వోల్టేజీ చూసేది నేనే, బుజ్జి కాదు. మీటరు పెట్టెకు చేయి తగలకూడదు, బయటి నుంచి చూడటమే. ఎందుకో కూడా లెక్క రాసుకుంది. తడిసిన ఒంటికి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోతుంది. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 230 మిల్లీఆంపియర్లు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ ఉంటే అది 30 మిల్లీఆంపియర్లు పక్కదారి పట్టగానే లైను కట్ చేస్తుంది, ఎందుకంటే అంతకు మించితే గుండెకు ప్రమాదం. దానికి ఏడెనిమిది రెట్లు మన ఒంట్లో పోతుందన్నమాట. ఆ లెక్క చేశాక బుజ్జి చేతులు తుడుచుకోవడానికి ఒక పాత తువ్వాలు తెచ్చి బల్ల మీద పెట్టుకుంది.

ఇక మీటరు. మా మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది, పక్కనే యూనిట్‌కు 3200 అని ముద్రించి ఉంది. యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఖర్చయ్యే శక్తి, అంటే 36 లక్షల జౌళ్లు. దాన్ని 3200తో భాగిస్తే ఒక్కో మిణుకుకు 1125 జౌళ్లు. కాబట్టి రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ను దానితో భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి. కొన్ని మీటర్ల మీద 3200 బదులు వేరే అంకె ఉంటుంది, దాన్నిబట్టి ఈ 1125 మారుతుంది. ఇంత మంచి కొలత పరికరం ప్రతి ఇంటి గోడకూ ఉంది, నెలకోసారి బిల్లు కొట్టడానికి వచ్చిన మనిషి తప్ప దాని ముఖం ఎవరూ చూడరు. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది.

సోమవారం: ఇస్త్రీ పెట్టె

మొదటగా దీన్నే ఎంచుకున్నాను. దీని లోపల మెలికలేమీ లేవు. తీగ, థర్మోస్టాట్, చిన్న సూచిక లైటు, అంతే.

కొలతకు ముందు ఇనుప ఒళ్లున్న ప్రతి వస్తువుకూ చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే ఎర్త్ పిన్నుకీ, పెట్టె ఒంటికీ మధ్య ఓమ్స్ చూడాలి. సున్నాకు దగ్గరగా రావాలి. మాకు 0.4 వచ్చింది. తర్వాత మిగతా రెండు పిన్నుల్లో ఒక్కోదానికీ, ఒంటికీ మధ్య చూడాలి. అక్కడ అసలేమీ చూపించకూడదు, మా మల్టీమీటరైతే ఓఎల్ అని, అంటే తన కొలతకు అందనంత నిరోధమని చూపిస్తుంది. ఎర్త్ పిన్నును పొడవుగా పెట్టడంలో ఉన్న తెలివి ఇక్కడే చెప్పాను: ప్లగ్గు గుచ్చేటప్పుడు అది ముందు తగులుతుంది, తీసేటప్పుడు ఆఖరున వదులుతుంది. ఫేజు తగిలి ఉన్నంతసేపూ ఎర్త్ తోడుగా ఉంటుంది.

పెట్టె మీద 1000 వాట్లు అని ఉంది. థర్మోస్టాట్‌ను పూర్తిగా తిప్పి పిన్నుల మధ్య కొలిస్తే 52.8 ఓమ్‌లు. నేను సాకెట్‌లో చూస్తే 232 వోల్టులు. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు, దాన్ని మళ్లీ వోల్టేజీతో హెచ్చవేస్తే వాట్లు. అంటే 232ను 232తో హెచ్చవేసి 52.8తో భాగిస్తే 1019 వాట్లు. ఇది ఓమ్ అంకె.

మీటరు అంకె కోసం ఇల్లంతా ఆపేశాం. ఫ్రిజ్, వైఫై పెట్టె, సెట్‌టాప్ బాక్సు, దేవుడి గదిలో చిన్న లైటుతో సహా. ఎర్ర లైటు మిణకడం మానేసింది. అప్పుడు ఇస్త్రీ పెట్టె ఆన్ చేస్తే టక్ టక్ మని సెకనుకొకటి చొప్పున మొదలైంది. 50 మిణుకులకు 55 సెకన్లు. లెక్కకు 1023 వాట్లు. పెట్టె వేడెక్కి థర్మోస్టాట్ కట్ చేసేలోపే లెక్కపెట్టాలి, లేకపోతే మధ్యలో ఆగిపోతుంది.

1019, 1023. బుజ్జి ఆ రెండు అంకెల చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసింది.

ఇక్కడ రెండూ కలవడానికి కారణం తీగలోనే ఉంది. అది నిక్రోమ్, సుమారు 80 పాళ్ల నికెల్, 20 పాళ్ల క్రోమియం. ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్‌కు 1906లో దీని మీద పేటెంట్ వచ్చింది. అంతకు ముందు ఎర్రగా కాలి మళ్లీ మళ్లీ పనికొచ్చే తీగ దొరకడమే కష్టం, ఇనుము లాంటివి గాలిలో కాలి పొడి అయిపోయేవి. నిక్రోమ్ వేడెక్కగానే ఒంటి మీద క్రోమియం ఆక్సైడ్ పొర కట్టుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. రాగితో పోలిస్తే దాని నిరోధం సుమారు 65 రెట్లు. మా పనికి అన్నిటికంటే ముఖ్యమైన గుణం ఇంకొకటి: చల్లగా ఉన్నా, కాలుతున్నా దాని నిరోధం పెద్దగా మారదు. ఆ సంగతి ఈరోజు చెప్పలేదు. రేపటి దాకా ఆగాలి.

మంగళవారం: పాత బల్బు

అటక మీద పాత అట్టపెట్టెలో 100 వాట్ల తీగ బల్బు దొరికింది. 2015లో ప్రభుత్వం చవకగా ఎల్ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం వచ్చాక మా ఇంట్లో ఇలాంటివన్నీ పోయి ఎల్ఈడీలు వచ్చాయి. ఇప్పుడు ఇవి ఎక్కువగా కోళ్ల ఫారాల్లో పిల్లలకు వెచ్చదనం కోసం కనిపిస్తుంటాయి.

బుజ్జిని ముందే అంచనా రాయమన్నాను. 230 వోల్టులకు 100 వాట్లు కావాలంటే నిరోధం 529 ఓమ్‌లు ఉండాలి. అదే రాసింది. తర్వాత బల్బు అడుగున ఉన్న రెండు సీసపు చుక్కల మీద మల్టీమీటరు ముళ్లు ఆనించింది.

39 ఓమ్‌లు.

మళ్లీ కొలిచింది. మళ్లీ 39. "పిన్నీ, ఇది ఇస్త్రీ పెట్టె కంటే తక్కువ. ఈ లెక్కన పెట్టె కంటే ఎక్కువ వాట్లు రావాలి" అంది. లెక్క వేస్తే నిజమే, 232 వోల్టులకు 1380 వాట్లు. మీటరు దగ్గరికి వెళ్లి చూస్తే మిణుకుకూ మిణుకుకూ మధ్య 11 సెకన్ల పైచిలుకు. అంటే 101 వాట్లు. ఓమ్ అంకె 1380, మీటరు అంకె 101. ఎక్కడా పొంతన లేదు.

ఓమ్ సూత్రం తప్పా అంటే కాదు. 39 ఓమ్‌లు చల్లటి తీగది. వెలిగే తీగది 529. ఒకే తీగకు రెండు నిరోధాలు. బల్బు తీగ టంగ్‌స్టన్ అనే లోహం. వేడెక్కేకొద్దీ దాని లోపల పరమాణువుల కదలిక పెరుగుతుంది, ఎలక్ట్రాన్లు ముందుకు సాగే దారిలో ఢీకొట్టుకోవడాలు ఎక్కువవుతాయి. ఈ మాట పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంటుంది, పిల్లలు దాన్ని దాటుకుని వెళ్లిపోతారు. పదమూడు రెట్ల తేడా కళ్లముందు కనిపిస్తే దాటిపోలేరు.

కంటితో చూసే వీలు కూడా ఉంది. బల్బును కాసేపు వెలిగించి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, వెంటనే ప్లగ్గు పిన్నుల మీద ముళ్లు ఆనించాం. తీగ చాలా త్వరగా చల్లారుతుంది కాబట్టి చేతులు చురుగ్గా ఆడాలి. మేము ఆనించేసరికి 70 దగ్గర ఉంది, చూస్తుండగానే 52, 45, 42, 40కి దిగింది. అంకె దిగుతున్నంతసేపూ మేము చూస్తున్నది ఓమ్‌లనే అయినా నిజానికి అది వేడి. అంటే నిరోధాన్ని థర్మామీటరులా వాడుకోవచ్చు. టంగ్‌స్టన్ నిరోధం డిగ్రీకి సుమారు 0.0045 వంతు పెరుగుతుందనే అంకెతో బుజ్జి లెక్క వేస్తే 2,800 డిగ్రీల సెల్సియస్ వచ్చింది. అసలు వేడి దీనికంటే కొంచెం తక్కువ, 2,500 దగ్గర ఉంటుంది. అంత వేడిలో నిరోధం సరళరేఖలో కాకుండా ఇంకాస్త చురుగ్గా పెరుగుతుంది, అందుకే సరళరేఖ లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఏదైనా, గాజులోపల రెండున్నర వేల డిగ్రీల వస్తువు ఉందని వంటింటి బల్ల దగ్గర కూర్చుని మల్టీమీటరుతో తేల్చేశాం. టంగ్‌స్టన్ కరిగేది 3,422 డిగ్రీల దగ్గర, అందుకే తట్టుకుంటోంది.

ఇంకో పాత ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. తీగ బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు పోతాయి? ఆ క్షణంలో తీగ చల్లగా ఉంటుంది, 39 ఓమ్‌లకు 230 వోల్టులంటే దాదాపు 6 ఆంపియర్లు. వెలిగాక అర ఆంపియరు కూడా ఉండదు. అరిగి సన్నబడిన చోటు ఉంటే ఆ మొదటి తాకిడికే తెగుతుంది.

నిక్రోమ్ గుణం ఇప్పుడు చెప్పాను. ఇస్త్రీ పెట్టెను వేడి చేసి, ప్లగ్గు తీసి కొలిస్తే 53కు అటూ ఇటూగానే ఉంది.

గురువారం: వైండింగ్ షాపులో సీరీస్ బోర్డు

మా వీధి చివర మోటార్లు చుట్టే షాపు ఉంది. ఆ బాబాయి గారి బల్ల మీద గోడకు ఒక బోర్డు, దానికి ఒక సాకెట్, పక్కన హోల్డరులో 100 వాట్ల తీగ బల్బు. బాగుకు వచ్చిన ఏ వస్తువునూ ఆయన నేరుగా కరెంటుకు పెట్టరు. ముందు ఈ బల్బు వెనకాల సీరీస్‌లో, అంటే ఒకే కరెంటు రెండింటిలోంచీ వరుసగా పోయేలా పెడతారు. వస్తువు లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు ఎగరదు. తీగ తెగి ఉంటే బల్బు వెలగదు. వస్తువు బాగుంటే దాని నిరోధాన్నిబట్టి వెలుగు తగ్గుతుంది. మూడు జవాబులు, ఒక్క బల్బు. ఎల్ఈడీలు వచ్చినా రిపేరు షాపుల్లో తీగ బల్బు పోకపోవడానికి కారణం ఇదే.

మేము ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లాం. పెట్టెను సీరీస్ బోర్డులో పెట్టే ముందు బుజ్జిని అడిగాను, ఏది వేడెక్కుతుంది? వెయ్యి వాట్లది కాబట్టి పెట్టే అంది. బల్బు దాదాపు మామూలుగానే వెలిగింది, పెట్టె మాత్రం గోరువెచ్చగా కూడా కాలేదు. బాబాయి గారు పెట్టె పిన్నుల దగ్గర వోల్టేజీ చూసి చెప్పారు, 21. మిగతాదంతా బల్బు దగ్గరే ఉంది. సీరీస్‌లో ఇద్దరిలోనూ ఒకే కరెంటు, సుమారు 0.4 ఆంపియర్లు. అందుకని నిరోధం ఎక్కువున్న చోటే వోల్టేజీ ఎక్కువ, వేడి ఎక్కువ. బల్బుది 529కి కొంచెం తక్కువ, పెట్టెది 53. పెట్టెకు దక్కింది ఎనిమిది తొమ్మిది వాట్లు.

తర్వాత ఆయన తనంతట తానే 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి చూపించారు. 60దే ఎక్కువ వెలిగింది, 100ది ఎర్రగా మగ్గింది. బల్బు మీద రాసిన వాట్లు 230 వోల్టులకు నేరుగా పెట్టినప్పటి మాట. అంతకుమించి ఆ అంకెకు సొంత బలం ఏమీ లేదు.

శుక్రవారం: కరెంటు పోయిన సాయంత్రం

ఈదురుగాలికి కరెంటు పోయింది. సెల్స్ సంగతి చూడటానికి ఇదే సమయం అనుకున్నాం.

మా ఇంట్లో ఒక అలవాటుంది. టార్చిలో పనికిరాకుండా పోయిన సెల్‌ను మా అత్తయ్య గోడ గడియారంలో వేస్తారు, అది నెలలపాటు నడుస్తుంది. టార్చికి చచ్చిన సెల్ గడియారానికి ఎలా బతికుంటుంది? బుజ్జి దాని వోల్టేజీ చూసింది, 1.32. కొత్త ఆల్కలైన్ సెల్‌ది 1.58. పెద్ద తేడా లేదు.

అప్పుడు రిపేరు షాపులో కొన్న 4.7 ఓమ్‌ల రెసిస్టరును (ఫలానా నిరోధం ఉండేలా చేసిన చిన్న ముక్క) సెల్ రెండు కొసల మధ్య కలిపి, కరెంటు పారుతుండగా మళ్లీ చూశాం. కొత్త సెల్ 1.50 దగ్గర నిలబడింది. పాతది 0.70కి కూలిపోయింది. మిగిలిన 0.62 వోల్టులు ఎక్కడికి పోయాయి? సెల్ లోపలే. సెల్ లోపలి రసాయనాలకు కూడా నిరోధం ఉంటుంది, వాడేకొద్దీ అది పెరుగుతుంది. 0.70ని 4.7తో భాగిస్తే 0.149 ఆంపియర్లు, 0.62ను ఆ కరెంటుతో భాగిస్తే 4.2 ఓమ్‌లు. కొత్త సెల్‌లో అదే లెక్క చేస్తే పావు ఓమ్. గడియారం లాగేది మిల్లీఆంపియరులో చిన్న వంతు, కాబట్టి 4.2 ఓమ్‌లు దానికి అడ్డే కాదు. టార్చికి వందల మిల్లీఆంపియర్లు కావాలి, అక్కడ సగం వోల్టేజీ లోపలే కరిగిపోతుంది.

సెల్ బాగుందో లేదో తెలుసుకోవాలంటే పని చేయిస్తూ కొలవాలి. ఊరికే వోల్టేజీ చూసి బాగుందనుకునే వాళ్లు చాలామంది. కారు బ్యాటరీకీ, ఇన్వర్టరు బ్యాటరీకీ ఇదే వర్తిస్తుంది.

ఆదివారం: మిక్సీ

ఇది 750 వాట్ల మిక్సీ. ప్లగ్గు తీసి, నాబును 3 మీద పెట్టి పిన్నుల మధ్య కొలిస్తే 12 ఓమ్‌లు. షాఫ్టును చేత్తో తిప్పితే కాస్త అటూ ఇటూ అవుతుంది, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు దాని కమ్యుటేటర్ (రాగి పలకల వలయం) మీద చోటు మారడం వల్ల. ఓమ్ అంకె లెక్క వేస్తే 4,400 వాట్లు, 19 ఆంపియర్లు. ఇంతే లాగితే సాకెట్ మాడిపోవాలి.

జారులో నీళ్లు పోసి నడిపాం. మిణుకుల మధ్య 4 సెకన్లు, అంటే 280 వాట్లు. ఇడ్లీకి నానబెట్టిన మినప్పప్పు వేస్తే 2.4 సెకన్లు, 470 వాట్లు. ఓమ్ అంకెలో పదో వంతు.

బుజ్జి బల్బు జవాబే చెప్పింది, తీగ వేడెక్కి నిరోధం పెరిగి ఉంటుందని. మంచి అంచనాయే. సరిచూడటం తేలిక. మిక్సీ ఆపి, ప్లగ్గు తీసి వెంటనే కొలిచింది. 12.6. రాగి తీగ కాస్త వెచ్చబడింది, అంతే. పది రెట్ల తేడా దీనితో రాదు.

జవాబు కోసం పాత బొమ్మ కారులోంచి చిన్న మోటారు తీశాం. దానికి సెల్ ఏమీ పెట్టకుండా, రెండు తీగలను మల్టీమీటరుకు కలిపి, షాఫ్టును వేళ్లతో గట్టిగా తిప్పితే మీటరులో కొద్ది మిల్లీవోల్టులు కదిలాయి. తిరిగే మోటారు తానే వోల్టేజీ పుట్టిస్తుంది, 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన ప్రేరణే ఇది. సెల్ పెట్టి నడిపితే కూడా అది పుడుతూనే ఉంటుంది, కానీ సెల్‌కు ఎదురుగా. సెల్ వోల్టేజీలోంచి ఈ ఎదురు వోల్టేజీ పోగా మిగిలిందే కరెంటును తోస్తుంది.

కొత్త ఆల్కలైన్ సెల్ పెట్టి చూశాం. మోటారు నిరోధం 1.2 ఓమ్‌లు. స్వేచ్ఛగా తిరుగుతుంటే 0.18 ఆంపియర్లు. షాఫ్టును వేళ్లతో పట్టుకుని ఆపేస్తే ఒక్కసారిగా 0.9కి ఎగిరింది. ఓమ్ సూత్రం ప్రకారం ఒకటింపావు రావాలి కదా అని బుజ్జి ఆగింది, తర్వాత తానే శుక్రవారం పేజీ తిరగేసి సెల్ లోపలి పావు ఓమ్‌ను కలిపింది. మల్టీమీటరు తీగలకు ఇంకో 0.2 కలిపితే లెక్క సరిపోయింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది ఆ పేజీ తిరగేయడమే.

మిక్సీ కూడా ఇదే. బ్లేడు తిరుగుతున్నంతసేపూ ఎదురు వోల్టేజీ కరెంటును అదుపులో పెడుతుంది. దానికి తోడు మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే ఏసీ కాబట్టి మోటారు తీగచుట్టకు ఉండే ప్రేరకత్వం కూడా కొంత అడ్డుకుంటుంది, మల్టీమీటరుకు అది కనబడదు. గట్టి పిండి పట్టేసి బ్లేడు ఆగిపోతే ఎదురు వోల్టేజీ పోతుంది, కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, తీగచుట్ట మాడిన వాసన వస్తుంది. మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటన్ అందుకే. కరెంటు హద్దు దాటితే అది బయటకు తన్నుకొచ్చి లైను తెంపేస్తుంది. బటన్ పడగానే వెంటనే నొక్కి మళ్లీ నడపకూడదు. కాసేపు చల్లారనిచ్చి, పిండి తగ్గించి నడపాలి. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పించాను, బుజ్జి చేతే.

సోమవారం, మంగళవారం: చిన్న వస్తువులు

ఎల్ఈడీ బల్బుకు ఓమ్ అంకె లేదు. లోపల ముందు డయోడ్లు, కెపాసిటర్లతో చిన్న సర్క్యూట్ ఉంటుంది, మల్టీమీటరులోని కొద్దిపాటి వోల్టేజీకి అది తలుపు తీయదు, ఓఎల్ చూపిస్తుంది. మీటరు అంకె మాత్రం తీయొచ్చు. ఒక్క 9 వాట్ల బల్బుతో కష్టం, మిణుకుకు రెండు నిమిషాలు దాటుతుంది, పైగా మరీ తక్కువ కరెంటుకు మీటర్లు కదలవు. ఐదు బల్బులు ఒకేసారి వెలిగిస్తే 25 సెకన్లు వచ్చింది. 45 వాట్లు, ఒక్కోదానికి 9.

సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో 15 సెకన్లు, 75 వాట్లు. రెగ్యులేటరు 1లో 70 సెకన్లు, 16 వాట్లు. మాది కెపాసిటర్లతో చేసిన కొత్త రకం రెగ్యులేటరు కాబట్టి స్పీడు తగ్గిస్తే యూనిట్లు నిజంగానే తగ్గుతాయి. వెనకటి పెద్ద డబ్బా రెగ్యులేటరులో తగ్గించిన వోల్టేజీ చాలావరకు నిరోధంలో వేడిగా పోయేది. స్పీడు తగ్గించినా బిల్లు తగ్గదని పెద్దవాళ్లు ఇప్పటికీ అనడం ఆ కాలపు అనుభవం.

సెట్‌టాప్ బాక్సును ఫ్యానుతో కలిపి కొలిచాం. ఫ్యాను ఒక్కటే ఉన్నప్పుడు 15 సెకన్లు, బాక్సు రిమోట్‌తో ఆపి ఉన్నప్పుడు కలిపి 13.2. తేడా 10 వాట్లు. ఎవరూ చూడకపోయినా నెలకు 7 యూనిట్లు. గోడ స్విచ్ దగ్గర ఆపడం మొదలుపెట్టాం.

గురువారం: గీజరు, నల్లబడిన ప్లగ్గు

గీజరు 2000 వాట్లు, నిరోధం 26.3 ఓమ్‌లు. ఆరోజు 228 వోల్టులు, కాబట్టి 1976 వాట్లు రావాలి. మిణుకులు సెకనుకు దాదాపు రెండు, తప్పిపోకుండా ఫోనులో వీడియో తీసి లెక్కపెట్టాం. 100 మిణుకులకు 57 సెకన్లు, 1974 వాట్లు. నిక్రోమ్ మళ్లీ మాట నిలబెట్టుకుంది. 15 లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి 55కు తేవడానికి లెక్క ప్రకారం 13 నిమిషాల పైచిలుకు, కట్ అయ్యేసరికి 14 అయింది.

అయితే ఆ ప్లగ్గు తీసినప్పుడు ఒక పిన్ను మొదట్లో ప్లాస్టిక్ నల్లబడి ఉంది, సాకెట్ రంధ్రం కూడా. కరెంటు ఎక్కువై కాలింది అంటారు చాలామంది. కరెంటు ఎప్పుడూ ఉండే 8.7 ఆంపియర్లే, మీటరే సాక్ష్యం. మారింది పట్టు. సాకెట్ లోపలి ఇత్తడి పట్టు వదులై, పిన్ను అక్కడక్కడా మాత్రమే తగులుతుంటే ఆ చుక్క దగ్గర నిరోధం పుడుతుంది. అది అర ఓమ్ అనుకుందాం. గీజరు 26 ఓమ్‌ల ముందు అర ఓమ్ లెక్కలోకే రాదనిపిస్తుంది, నీళ్లు ఎప్పటిలాగే కాగుతాయి. కానీ 8.7ను 8.7తో హెచ్చవేసి అర ఓమ్‌తో హెచ్చవేస్తే 38 వాట్లు. రిపేరు షాపుల్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. అంతకంటే ఎక్కువ వేడి కందిగింజంత చోట రోజూ పావుగంట పుడుతుంటే ప్లాస్టిక్ ఏమవుతుంది? వేడికి ఇత్తడి పట్టు ఇంకా వదులవుతుంది, పైన తుప్పు పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. కరెంటు హద్దు దాటితే లైను తెంపే ఎంసీబీ స్విచ్‌కు ఇది తెలియదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు కదా. ఇళ్లలో బోర్డులు కాలిపోయే కారణాల్లో ఇదొకటి, దీన్ని కాపలా కాయడానికి మనిషి కన్నూ, ముక్కూ తప్ప వేరే పరికరం మామూలు ఇళ్లలో లేదు. నల్లబడినా, గుచ్చితే వదులుగా ఊగినా, వేడి వాసన వచ్చినా ఆ సాకెట్ వెంటనే మార్పించండి, రేపటికి వాయిదా వేయకండి.

మెయిన్ ఆపి 16 ఆంపియర్ల కొత్త సాకెట్, కొత్త ప్లగ్ టాప్ నేనే వేశాను. తీగ కొసల మరలు గట్టిగా బిగించి, లాగి చూశాను. 14 నిమిషాలు గీజరు నడిపి, ఆపి, ప్లగ్గు తీసి పట్టుకుంటే చేతికి వెచ్చదనం తెలియలేదు.

ఇక ఫ్రిజ్ మిగిలింది. పాత సింగిల్ డోర్. కంప్రెసరు లోపల మోటారు ఉంది, పిన్నుల మధ్య నిరోధం ఇప్పటికే కొలిచాం, 12 ఓమ్‌లు. మీటరు అంకె ఎంత రావచ్చో బుజ్జి ముందుగానే పెన్సిల్‌తో రాసింది: 150 వాట్లలోపు. కారణం గడిలో, "తిరుగుతుంది కాబట్టి." దాని కింద ఇంకో వాక్యం: ఫ్రిజ్ మొదలైనప్పుడల్లా హాల్లో పాత ట్యూబ్‌లైటు ఒక్క క్షణం ఎందుకు మందగిస్తుందో కూడా ఇదే చెబుతుందేమో చూడాలి. శనివారం ఉదయం పాలు, కూరగాయలు సర్దేశాక కొలుస్తాం.